పాతబస్తీ తిండి సరుకులు: చేతులకు కొదవ లేదు, పనిముట్లకే

ఇళ్లలో తిండి సరుకులు తయారు చేసి అమ్ముకునేవారికి మన సంఘం గ్రైండర్లు, ఓవెన్లు, ఫ్రిజ్‌లు ఇప్పించడం మొదలుపెట్టాక దాతల్లో కొందరు ఒక ప్రశ్న వేస్తున్నారు. "మిషన్ ఇచ్చాం. పని కూడా నడుస్తోంది. మరి ఆ ఇంటి పరిస్థితి మారదేం?" అని. ప్రశ్న న్యాయమైనదే. కష్టార్జితంలోంచి తీసి ఇచ్చినవారికి ఆ మాట అడిగే హక్కుంది. దానికి "వాళ్లకు వ్యాపారం చేతకాదు" అనో, "బర్కత్ లేదు" అనో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నేను ఆర్థికవేత్తను కాను, బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకునే మనిషిని. అయితే ఈ ప్రశ్నకు జవాబు హైస్కూలు లెక్కలకు అందేదే.

ముందు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. పాతబస్తీలో ఏ గల్లీకి పోయినా ఏదో ఒక తిండి సరుకు తయారవుతూ ఉంటుంది. రంజాన్‌కు సేమియా, హలీం. మొహర్రంలో దమ్ కే రోట్. పెళ్లిళ్ల రోజుల్లో డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా. మిగతా ఏడాదంతా ఉస్మానియా బిస్కట్లు, లుఖ్మీలు, సమోసా పట్టీలు, పచ్చళ్లు, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851 నుంచి తందూరు వెలిగిస్తూనే ఉంది. ఇవి పైకి కనిపించేవి. కనిపించనివి ఇంతకు రెండింతలు. మలక్‌పేట మార్కెట్‌లో దిగిన మిరపకాయ ఇళ్లకు చేరుతుంది, ఆడవాళ్లు తొడిమలు తీస్తారు, తర్వాత అది గిర్నీకి పోతుంది. వ్యాపారి వెల్లుల్లి బస్తా గుమ్మంలో దింపి పోతాడు, పొట్టు తీసినందుకు కిలో లెక్కన కూలి ఇస్తాడు. ఈ పనులన్నిటినీ కలిపి ప్రభుత్వం వారు ఆహార శుద్ధి పరిశ్రమ అంటారు. పరిశ్రమ అనగానే మనకు కాటేదాన్ వైపు పొగగొట్టం గుర్తుకొస్తుంది. అందులో పనిచేసే చేతుల్లో ఎక్కువ భాగం మాత్రం ఇలా గుమ్మాల్లో, మిద్దెల మీద ఉన్నవే.

ఇక అసలు మాట. ఉత్పత్తి వేరు, ఉత్పాదకత వేరు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు తోడికోడళ్లు పది గంటలు కూర్చుని 400 సమోసాలు చేశారు. ఇద్దరివీ కలిపి 20 గంటల పని. అంటే గంటకు 20 సమోసాలు. మరుసటి నెల ఆడపడుచు కూడా చేరింది. ముగ్గురూ కలిసి 540 చేశారు. ఉత్పత్తి పెరిగింది, చూసినవాళ్లు పని బాగా నడుస్తోందనుకున్నారు. కానీ ఇప్పుడు 30 గంటల పని, గంటకు 18 సమోసాలే. ఎందుకంటే పొయ్యి ఒక్కటే, మూకుడు ఒక్కటే. మూడో మనిషి ఎక్కువసేపు నూనె ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చుంది. ఉత్పత్తి పెరుగుతూనే ఉత్పాదకత తగ్గడం అంటే ఇదే. మన దేశంలో చాలా ఇళ్ల కథ ఇది.

లెక్క ఇంకో అడుగు ముందుకు తీసుకుపోదాం. సమోసా అయిదు రూపాయలకు అమ్మితే 400కు 2,000 రూపాయలు. మైదా, నూనె, ఉల్లిగడ్డ, గ్యాసు కలిపి 1,500 ఖర్చయిందనుకుందాం. మిగిలింది 500. వాళ్ల శ్రమ ఆ సరుకుకు చేర్చిన విలువ అదీ. 20 గంటలకు పంచితే గంటకు 25 రూపాయలు. ఇప్పుడు హోటలు వాడు, "నీ సరుకు మీద పేరు లేదు, నంబరు లేదు, నేను నాలుగు రూపాయలకే తీసుకుంటా" అన్నాడు. అమ్మకం 1,600, మిగిలేది 100. గంటకు అయిదు రూపాయలు! ధరలో పోయింది అయిదింట ఒక వంతే, కానీ చేతికి వచ్చేదాంట్లో అయిదింట నాలుగు వంతులు పోయాయి. అందుచేత ఉత్పాదకత అంటే చేతులు ఎంత వేగంగా ఆడాయన్నది ఒక్కటే కాదు, సరుకు ఏ ధరకు పోయిందన్నది కూడా. వేగంగా చేయమని మనం వాళ్లకు చెప్పనక్కరలేదు. వాళ్ల చేతుల వేగం నాకు రాదు, ఇది చదువుతున్న మీలో చాలామందికీ రాదు.

దేశం లెక్కలు చూస్తే ఈ మాట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జాతీయ నమూనా సర్వే 2015-16లో లెక్కపెట్టినప్పుడు, కంపెనీలుగా నమోదు కాని ఆహార తయారీ యూనిట్లు దేశంలో దాదాపు 24.59 లక్షలు ఉన్నాయి. వాటిలో పనిచేసేవారు 51.11 లక్షల మంది. భాగించి చూడండి, ఒక్కో యూనిట్‌కు ఇద్దరే. భార్యాభర్తలు, లేదా తల్లీకూతుళ్లు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం సూక్ష్మ ఆహార సంస్థల కోసం ప్రధానమంత్రి పేరుతో ఒక పథకం ప్రారంభించింది. దాని మార్గదర్శకాల్లోనే ఇంకొన్ని అంకెలు ఇచ్చారు. ఈ రంగం మొత్తంలో పనిచేసేవారిలో 74 శాతం ఇలాంటి చిన్న యూనిట్లలోనే ఉన్నారు. వారిలో మూడో వంతు ఆడవారు. ఈ యూనిట్లు చేర్చే విలువ 27 శాతం. వీటిలో ఉన్న యంత్రాల పెట్టుబడి మొత్తంలో 7 శాతం. బ్యాంకులు ఈ రంగానికి ఇచ్చిన అప్పులో వీటికి అందింది 3 శాతం.

ఈ అంకెలను నేను మా పిల్లలకు చెప్పినట్టు వందలోకి మార్చి చెబుతాను. వంద మంది పనివాళ్లు, వంద రూపాయల యంత్రాలు, వంద రూపాయల విలువ అనుకోండి. చిన్న యూనిట్లలో 74 మంది కూర్చుని 27 రూపాయల విలువ చేరుస్తున్నారు, మనిషికి దాదాపు 36 పైసలు. పెద్ద ఫ్యాక్టరీల్లో 26 మంది 73 రూపాయలు చేరుస్తున్నారు, మనిషికి 2 రూపాయల 80 పైసలు. ఏడున్నర రెట్లకు పైగా తేడా. ఇక్కడితో ఆపేస్తే చిన్నవాళ్లు పనికిరానివాళ్లన్నట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడితోనే ఆపేస్తారు కూడా.

ఆపకుండా యంత్రాల వైపు చూడండి. చిన్న యూనిట్లలో 74 మంది మధ్య ఉన్నవి ఏడు రూపాయల యంత్రాలు, మనిషికి పది పైసలు కూడా లేవు. పెద్ద ఫ్యాక్టరీల్లో మనిషికి మూడున్నర రూపాయలకు పైమాటే. తేడా ఇప్పుడు దాదాపు 38 రెట్లు. పనిముట్లలో 38 రెట్ల తేడా ఉన్నా విలువలో తేడా ఎనిమిది రెట్లకు మించలేదంటే, ఆ లోటంతా ఎవరు పూడ్చారు? ఆ చేతులే. ఇంకోలా చెప్పాలంటే, పెద్ద ఫ్యాక్టరీలో ఒక రూపాయి యంత్రం 78 పైసల విలువ చేరుస్తుంటే, చిన్న యూనిట్‌లో ఒక రూపాయి పనిముట్టు 3 రూపాయల 80 పైసలకు పైగా చేరుస్తోంది. దాదాపు అయిదు రెట్లు.

దీన్ని అతిగా అర్థం చేసుకోకూడదు. పెద్ద ఫ్యాక్టరీల లెక్కలో చక్కెర మిల్లులు, నూనె మిల్లులు కూడా ఉన్నాయి, వాటి స్వభావమే భారీ యంత్రాలది. పైగా ఇవి సగటు లెక్కలు. ఇప్పుడున్న రూపాయి నాలుగు తెస్తోంది కాబట్టి రేపు మనం ఇవ్వబోయే రూపాయి కూడా నాలుగు తెస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ రూపాయి సరిగ్గా పని ఆగిపోయే చోట పడితేనే తెస్తుంది. పొయ్యి దగ్గర ఆగుతున్న ఇంటికి గ్రైండర్ ఇస్తే ఏం లాభం? మొదట వేసిన ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

సేమియా పని తీసుకుందాం, అందరికీ తెలిసినది. పిండి కలపడం, మిషన్‌లో తీయడం, దండెం మీద వేసి ఆరబెట్టడం, కొన్నిచోట్ల కాల్చడం, కట్టలు కట్టడం. సేమియా మిషన్ గంటలో తీసినదాన్ని మిద్దె మీద ఆరబెట్టడానికి రోజంతా పడుతుంది. తేమ 12 శాతం చుట్టుపక్కలకు దిగకపోతే కట్ట లోపల బూజు పడుతుంది. బూజు పట్టిన ఒక్క కట్ట చాలు, దుకాణదారు మొత్తం బస్తా వెనక్కి పంపిస్తాడు. కాబట్టి ఈ పనిలో వేగాన్ని నిర్ణయించేది మిషన్ కాదు, ఎండ. రెండో మిషన్ కొనిస్తే తడి సేమియా ఎక్కువవుతుంది తప్ప అమ్మే సేమియా ఎక్కువ కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కదా. 2014, 2015, 2016లలో అది జూన్, జూలైలలో వచ్చింది. మబ్బు పట్టినప్పుడల్లా మిద్దెల మీదికి పరిగెత్తడమే. మొన్న 2024లో మార్చి, ఏప్రిల్‌లలో వచ్చింది, ఎండకు కొదవ లేదు. ఇంకా కొన్నేళ్లపాటు చలికాలంలోకి జరుగుతూ పోతుంది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో మరోసారి రెండు రంజాన్‌లు మొదలవుతాయి. అవి కూడా హైదరాబాద్‌లో పొడి రోజులే. అంటే రంజాన్ సరుకు కోసం ఆరబెట్టే యంత్రం కొనవలసిన తొందర ఇప్పుడు లేదు. అది కావలసింది మిగతా పది నెలల కోసం. ఏడాదిలో రెండు నెలలు నడిచి పది నెలలు గుడ్డ కప్పుకుని పడుకునే మిషన్‌కు ఉత్పాదకత ఎక్కడి నుంచి వస్తుంది? అదే డ్రయర్ వానాకాలంలో ఒక ఇంటి సేమియా, మరో ఇంటి మిరపకాయ, ఇంకో ఇంటి అల్లం ముక్కలు, పుదీనా ఆరబెట్టగలిగితే అప్పుడు దాని సంగతి వేరు. అది ఒక ఇంట్లో పెట్టవలసిన వస్తువు కాదు, నలుగురు వాడుకునే చోట పెట్టవలసిన వస్తువు.

పచ్చళ్ల దగ్గర ఆగిపోయే చోటు మరొకటి. చేసేవారి చేతిలో రుచి ఉంది, బంధువులు, ఇరుగుపొరుగు ఎగబడి కొంటారు. ఆ వీధి దాటి దుకాణంలోకి పోవాలంటే మాత్రం దుకాణదారు రెండే ప్రశ్నలు వేస్తాడు: ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, నంబరు ఉందా అని. మొదటిదానికి అలవాటు ప్రకారం "ఏడాది" అంటే ఒప్పుకోడు. పచ్చడిలో పులుపు, ఉప్పు ఎంత ఉన్నాయో కొలవాలి. పులుపును కొలిచే పి.హెచ్. లెక్కలో 4.6 కంటే కిందికి ఉంటే ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవి అందులో పెరగదు. మన నానమ్మలు నిమ్మరసం, చింతపండు దిట్టంగా వేసింది ఊరికే కాదు. కొలిచే పరికరం పెద్ద ఖరీదు వస్తువు కాదు, కొలవడం నేర్పే మనిషి కావాలి అంతే. ఇక నంబరు అంటే ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు. ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్న చిన్న తయారీదారు లైసెన్సు దాకా పోనక్కరలేదు, నమోదు చేసుకుంటే చాలు. దాని ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వంద రూపాయలే! ఆ వంద కట్టలేక కాదు వాళ్లు ఆగిపోయింది. అద్దె ఇంటి కాగితం, ఆధార్‌లో పాత చిరునామా, ఇంటర్నెట్ సెంటర్ వాడు అడిగే రుసుము, "దీంతో ఇన్‌స్పెక్టర్లు ఇంటికొస్తారు" అనే భయం, ఇవీ అసలు గోడలు. కల్తీ అల్లం వెల్లుల్లి పేస్టు పట్టుబడిందని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా దెబ్బ తగిలేది నిజాయితీగా రుబ్బి అమ్మే ఈ పేరులేని డబ్బాకే. కొనేవాడికి తేడా తెలిసే గుర్తు దాని మీద ఏదీ లేదు కదా.

హలీం సంగతి వీటికి భిన్నం, కాస్త ఆగి చూడవలసినది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. దాని నియమాలు కఠినం. మేక మాంసమే వాడాలి, పది పాళ్ల మాంసానికి నాలుగు పాళ్ల గోధుమ, స్వచ్ఛమైన నెయ్యి, రాగి దేగ్, కట్టెల మంట, 12 గంటలకు తక్కువ కాకుండా వండడం. ఇప్పుడు ఉత్పాదకత పేరుతో ఎవరైనా "ప్రెషర్ కుక్కర్‌లో రెండు గంటల్లో అవుతుంది కదా" అంటే, అయ్యేది హలీం కాదు. ఆ పేరుకు వచ్చే ధరంతా ఆ 12 గంటల్లోనే ఉంది. ఇక్కడ గంటలు తగ్గించడం అంటే విలువ తగ్గించడమే. మరి పెంచగలిగేది ఎక్కడ? భట్టీ దగ్గర కాదు, భట్టీ తర్వాత. హలీం వేడి చల్లారకముందే అమ్ముడుపోవాలి, మిగిలితే నష్టం. దాన్ని మూసిన పౌచ్‌లో పెట్టి ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దాకా వేడిచేసే పద్ధతి ఒకటుంది, రిటార్ట్ అంటారు. అలా చేసినది ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తుంది. పెద్ద పేరున్న హోటళ్లకు ఇలాంటివి అందుబాటులో ఉంటాయి. గల్లీలో రెండు దేగ్‌లు పెట్టుకునేవాడికి అందవు. మనకు అదృష్టం ఏమిటంటే చదువుకున్న సంస్థలన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. చెంగిచర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ, హబ్సిగూడలో మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. వారి కేంద్రం, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. చార్మినార్ నుంచి సిటీ బస్సులో పోయి రాగలిగినంత దూరం. పోయి రావడానికి ఎవరో ఒకరు తీసుకుపోవాలి, అంతే.

యంత్రం అనగానే అంతా మంచే జరుగుతుందని కూడా అనుకోవద్దు. చార్మినార్ చుట్టుపక్కల వర్క్ కొట్టే దుకాణాలు చూసే ఉంటారు. వెండి ముక్కను తోలు పొరల మధ్య పెట్టి, సుత్తితో గంటల తరబడి కొడితే ఊపిరికి ఎగిరిపోయేంత పలుచని రేకు అవుతుంది. ఆ టకటక శబ్దం మన ఊరి శబ్దాల్లో ఒకటి. వెండి రేకు తయారీలో జంతువుల నుంచి వచ్చిన ఏ పదార్థమూ వాడకూడదని 2016లో నియమం తెచ్చారు. మరోవైపు యంత్రాలతో చేసిన వర్క్ మార్కెట్‌లోకి వచ్చింది. యంత్రం ఉత్పాదకత చేతికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆ యంత్రం సుత్తి పట్టినవాడిది కాదు. ఉత్పాదకత పెరిగింది, ఇతని చేతిలో పని తగ్గింది. కాబట్టి పనిముట్టు వస్తే చాలదు, అది ఎవరిదిగా వస్తోందో కూడా చూడాలి.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1967 నుంచి మన దేశంలో కొన్ని సరుకులను చిన్న పరిశ్రమలకే కేటాయించారు, పెద్ద కంపెనీలు వాటిని కొత్తగా చేపట్టకూడదు. ఆ జాబితా పెరుగుతూ పోయి, 1990ల తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. చిట్టచివరికి మిగిలిన 20 సరుకులను 2015 ఏప్రిల్‌లో తొలగించారు. ఆ ఇరవైలో ఏమున్నాయో తెలుసా? పచ్చళ్లు, రొట్టె, వేరుశనగ నూనె, అగరబత్తి, గాజుల గాజులు. పాతబస్తీ బతుకుతెరువుల పట్టిక చదివినట్టుంది! కేటాయింపు మంచిదా చెడ్డదా అన్న వాదన ఎన్నాళ్లయినా చేయవచ్చు. ఆ కంచె చిన్నవారిని కాపాడిన మాట నిజం. పెద్దయితే కంచె బయట పడతారు కాబట్టి చిన్నగానే ఉండిపొమ్మని పరోక్షంగా చెప్పిన మాటా నిజం. నా ఉద్దేశంలో అసలు లోపం అది కాదు. కంచె ఉన్న నలభై ఎనిమిదేళ్లలో లోపలివారికి పనిముట్లు, పరీక్షలు, అప్పు అందించే ఏర్పాటు సరిపడా జరగలేదు. కంచె తీసేనాటికి లోపల ఉన్నది అదే మూకుడు, అదే మిద్దె.

ఇప్పుడున్న ప్రభుత్వ సాయం రెండు రకాలు. పెద్ద కంపెనీల ఉత్పత్తి పెంచడానికి 2021లో 10,900 కోట్లతో ఒక ప్రోత్సాహక పథకం ఆమోదించారు. పైన చెప్పిన సూక్ష్మ సంస్థల పథకానికి 10,000 కోట్లు, రెండు లక్షల యూనిట్లకు సాయం అందించాలన్నది లక్ష్యం. గడువు 2025-26 దాకా పొడిగించారు. చిన్న యూనిట్ కొనే యంత్రాల ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు ప్రభుత్వం భరిస్తుంది. కనీసం పది శాతం సొంతంగా పెట్టుకోవాలి, మిగిలింది బ్యాంకు అప్పు. మహిళా పొదుపు సంఘాల సభ్యులు ఈ పనిలో ఉంటే ఒక్కొక్కరికి 40,000 దాకా మూలధనం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. నలుగురూ కలిసి వాడుకునే వసతి ఏర్పాటు చేసుకుంటే దానికీ 35 శాతం వర్తిస్తుంది.

చదవడానికి బాగుంది. మన గల్లీల్లోకి వచ్చేసరికి రెండుచోట్ల చిక్కుకుంటుంది. ఒకటి, ఆ పది శాతం. మూడు లక్షల యంత్రానికి ముప్పై వేలు ముందు పెట్టగలిగిన ఇల్లు అప్పుకు తిరిగే ఇల్లు కాదు. రెండోది, సబ్సిడీ బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంది. వడ్డీ అప్పు ముట్టని కుటుంబం ఆ అప్పుతో పాటు సబ్సిడీని కూడా వదులుకోవలసి వస్తోంది. ఎవరి మనస్సాక్షి వారిది, ఎవరినీ అప్పు తీసుకొమ్మని నేను చెప్పబోవడం లేదు. వడ్డీలేని అప్పులిచ్చే బైతుల్‌మాల్‌లు ఈ ఊళ్లో దశాబ్దాలుగా ఉన్నాయి. అవి ఎక్కువగా పెళ్లి, వైద్యం, ఇంటి మరమ్మతుల కోసం ఇస్తుంటాయి. పనిముట్టు కోసం, నెలనెలా అమ్మకంలోంచి తీర్చేలా ఇచ్చే కర్జె హసనా మన సంఘం చేయదగ్గ పని.

కలిసి చేసుకోవడం ఎలా ఉంటుందో చూడటానికి ఒక పాత ఉదాహరణ చాలు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని మిద్దె మీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్. అక్కడ అందరూ గమనించేది ఆ 80 రూపాయలను. నేను గమనించమనేది పనిని వారు ఎలా విడగొట్టారన్నది. పిండి ఒకేచోట కలుపుతారు, అందువల్ల ఉప్పు, మిరియం ఎక్కడా తేడా రాదు. వత్తడం ఎవరి ఇంట్లో వారు. తెచ్చినది మళ్లీ ఒకేచోట తూకం, పరీక్ష, ప్యాకింగ్. యంత్రం, కొలత, పేరు అవసరమైన మెట్లు ఉమ్మడివి. చేతి నేర్పు అవసరమైన మెట్టు ఇంటిది. పిల్లలను వదిలి బయటకు రాలేని ఆడవారికి ఇంతకంటే అనువైన పద్ధతి నాకు కనిపించలేదు. మన సేమియాకు, మసాలాకు, పచ్చడికి ఇది సరిగ్గా సరిపోతుంది.

టీచర్‌గా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. షాబాన్ నెల సగం గడిచేసరికి మా తరగతుల్లో హాజరు పలుచబడుతుంది. మగపిల్లలు హలీం భట్టీల దగ్గర, హోటళ్లలో గిన్నెలు అందిస్తూ కనిపిస్తారు. ఆడపిల్లల గైర్హాజరు మరో రకం. వెల్లుల్లి పొట్టు, మిరప తొడిమల పని ఏడాదంతా ఉంటుంది, ఉదయం ఒక బస్తా పూర్తి చేయకపోతే సాయంత్రం కూలి రాదు, అందుకని అమ్మ పక్కన కూర్చుంటారు. వాసన పట్టిన వేళ్లను బల్ల కింద దాచుకునే పిల్లలను నేను ఎరుగుదును. ఉత్పాదకత తక్కువైన ఇల్లు మరో జత చేతులను వెతుక్కుంటుంది, అందుబాటులో ఉన్నవి పిల్లల చేతులే. తల్లి గంటకు సంపాదించేది రెండింతలైతే ఆ అమ్మాయి బడికి వస్తుంది. స్కాలర్‌షిప్ ఎంత ముఖ్యమో వెల్లుల్లి పొట్టు తీసే మిషన్ అంతే ముఖ్యమని నేను అంటే కొందరు నవ్వారు. అయితే ఆ మిషన్ కూలి ఇచ్చే వ్యాపారి గోదాములో కాక పనిచేసే ఆడవారి ఉమ్మడి గదిలో ఉండాలి. లేకపోతే వర్క్ కొట్టేవారికి జరిగిందే వీరికీ జరుగుతుంది.

మరి దాతలు ఏం చేయాలి? విడివిడిగా మిషన్లు ఇవ్వడం మానుకోమని కాదు. ఇచ్చే ముందు మన వాలంటీరు ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని, పని ఎక్కడ ఆగుతోందో చూసి రావాలి. పొయ్యి దగ్గరా, ఎండ దగ్గరా, కాగితం దగ్గరా, అమ్మకం దగ్గరా? కాగితం దగ్గర ఆగుతుంటే ఖర్చు వందల్లో తేలిపోతుంది, ఒక కాలేజీ కుర్రవాడు రెండు మధ్యాహ్నాలు తిరిగితే సరిపోతుంది. అమ్మకం దగ్గర ఆగుతుంటే మిషన్ కాదు, లేబుల్, సీలు, ఒక దుకాణంతో ఒప్పందం కావాలి. ఎండ దగ్గర ఆగే ఇళ్లు ఒక మొహల్లాలో ఎనిమిదో పదో ఉంటే అప్పుడు ఒక గది అద్దెకు తీసుకుని డ్రయర్, తూకం, సీలింగ్ మిషన్ పెట్టడం గురించి ఆలోచించవచ్చు. ఆ గదికి ఒక మనిషి కావాలి, జీతంతో. యంత్రం కొనిచ్చేవారు దొరుకుతారు, యంత్రం చూసుకునే మనిషి జీతం ఇచ్చేవారు దొరకరు. ఉమ్మడి వసతులు ఎక్కువగా మూతపడేది అక్కడే. దాతలు యంత్రం మీద తమ పేరు చూసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు, కానీ ఆ జీతం మీద పేరు రాసుకునే చోటు ఉండదు.

చివరగా డబ్బు పద్దు గురించి. జకాత్ పేదవారి చేతికి, వారి సొంతంగా చేరాలన్నది మనకు తెలిసిందే. అందువల్ల ఒక ఇంటికి సొంతంగా ఇచ్చే మూకుడు, మిషన్, నమోదు ఖర్చు వంటివి జకాత్ పద్దు నుంచి ఇవ్వడంలో సాధారణంగా చిక్కు రాదు. నలుగురు వాడుకునే గది అద్దె, డ్రయర్, మనిషి జీతం విషయం వేరు. వాటిని ఉలమాను అడిగి తేల్చుకునేదాకా సదఖా, అతియ్యా పద్దులోనే ఉంచడం మంచిది. విరాళం ఇచ్చేటప్పుడు రసీదు మీద ఏ పద్దు కిందికి అన్నది మీరే చెప్పి రాయించండి. పద్దు రాయని రసీదుల డబ్బును ఉమ్మడి గది ఖర్చుకు వాడాలంటే మళ్లీ మీ ఇంటికి ఫోన్ చేసి అడగవలసి వస్తుంది.